దండ వేసిన ఫోటో ఒక్కటే మిగలాలా?

“ఆయన పోయి ఆర్నెల్లు నిండలేదు. అప్పుడే సంచీ తగిలించుకుని ఊళ్ళు పట్టుకు తిరుగుతోంది. పైగా ఫోటోలొకటి!”

ఈ మాట నేనొక సంవత్సరీకం భోజనాల దగ్గర విన్నాను. అన్నది నా గురించి కాదు, మా బంధువుల్లో మరొకావిడ గురించి. అదే వరసలో నాలుగు విస్తళ్ళ అవతల నేనున్నాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. నేను ఫోను పట్టుకుని తెల్లవారుజామున గోదారి గట్టుకు వెళ్ళడం మొదలుపెట్టింది మాత్రం నాలుగో నెలలోనే. ఆ రోజు నోరు మెదపలేదు. తర్వాత ఇదే మాట పెళ్ళిళ్ళలో విన్నాను, కూరగాయల బజారులో విన్నాను, చదువుకున్న పిల్లల నోట “పలాయనం” అన్న పెద్ద పేరుతో విన్నాను. ఇంతమంది ఇంత నమ్మకంగా అనే మాటకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

ముందు ఆ వాదాన్ని వాళ్ళు చెప్పినట్టే చెప్తాను. దుఃఖానికో మర్యాద ఉంది. దశాబ్దాలు కలిసి బతికిన మనిషి పోతే రెండో మనిషి కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండాలి, పోయినవాళ్ళకు ఇచ్చే గౌరవం అది. ఊళ్ళు తిరిగితే దుఃఖం తీరదు, వాయిదా పడుతుంది. ఎన్ని ఊళ్ళు చూసినా ఎప్పటికో ఒకప్పటికి ఇంటికొచ్చి ఆ ఖాళీ మంచం చూడాల్సిందే. ఫోటోలంటారా, అవి నలుగురికీ చూపించుకోవడానికి. నిజమైన దుఃఖం చూపించుకోదు. ఆఖరుగా, ఇవన్నీ ఒంట్లో ఓపికా చేతిలో డబ్బూ ఉన్నవాళ్ళ ముచ్చట్లు.

ఇందులో దురుద్దేశం ఉందని నేననను. అన్నవాళ్ళలో సగంమంది నా మేలు కోరేవాళ్ళే. మేలు కోరేవాళ్ళ మాట గనకే అది లోపలికి దిగుతుంది, రాత్రి పడుకున్నాక మళ్ళీ వినిపిస్తుంది, మర్నాడు తలుపు దాటబోయే కాలిని ఆపుతుంది. అలా ఆగిపోయిన ఆడవాళ్ళు నాకు తెలుసు. అందుకే ఈ మాటను ఊరికే వదిలేయడం నావల్ల కాదు.

ఒకటి: “ఇంటిపట్టున ఉండటమే మన సంప్రదాయం”

చావు జరిగిన ఇంట్లో మన సంప్రదాయం మొదట చెప్పేదే ప్రయాణం. అస్థికలు గోదారిలోనో కృష్ణలోనో కలపాలి. శక్తి ఉన్నవాళ్ళు కాశీ, ప్రయాగ, గయ దాకా వెళ్తారు. అంత దూరం పోలేనివాళ్ళకు పిఠాపురంలో పాదగయ ఉంది. రాజమండ్రిలో ఉండేదాన్ని, కోటిలింగాల రేవులో ఎన్ని పొద్దులు చూశానో: ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చినవాళ్ళు, మూతికి గుడ్డ కట్టిన చిన్న కుండను రాత్రంతా బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చినవాళ్ళు, మెట్ల మీద అరికాళ్ళు తడిసేదాకా దిగి అక్కడే నిలబడిపోయినవాళ్ళు. వాళ్ళను చూసి తిరుగుతున్నారని ఎవరూ అనరు. దుఃఖంలో ఉన్న మనిషిని ఊరు దాటించి నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలని, చేతికో పని పెట్టాలని మన పెద్దలకు తెలుసు. నెలనెలా మాసికాలు పెట్టించిందీ అందుకే అనుకుంటాను. ఆ పద్ధతంతా మనిషిని నడిపించే పద్ధతి.

ఏటిసూతకం సంగతి ఎత్తుతారు. ఏడాదిపాటు కొండ ఎక్కకూడదు, పండగ చేసుకోకూడదు. ఆచరించేవాళ్ళను నేను తప్పు పట్టను, నేనూ ఆచరించాను. ఆ ఏడాది అన్నవరం మెట్టు ఎక్కలేదు, సంక్రాంతికి గుమ్మం ముందు ముగ్గు వెయ్యలేదు. కానీ గోదారి గట్టు కొండ కాదు. కొల్లేరులో పడవెక్కడం పండగ కాదు. నిషేధం ఉన్నచోట చూపించండి. లేనిచోట కొత్తది పుట్టించి దానికి సంప్రదాయమని పేరు పెట్టకండి.

అసలు “ఇంటిపట్టున” అనే మాట ఎవరితో అంటున్నామో గమనించారా? భార్య పోయిన మగవాడు పదిహేనో రోజున ఆఫీసుకు వెళ్తే గుండె రాయి చేసుకున్నాడంటారు. భర్త పోయిన ఆడది వీధి దాటితే గుండే లేదంటారు. ఈ మాట వెనక ఆ పాత మూల ఉంది, భర్త పోయిన మనిషిని కూర్చోబెట్టిన చీకటి మూల. వితంతు వివాహాలకు చట్టం 1856లోనే వచ్చింది. 1881 డిసెంబరు 11న ఇదే రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ తర్వాత నూట నలభై ఏళ్ళు గడిచాక, 2022 మే 4న, మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హెర్వాడ్ గ్రామ పంచాయతీ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంపడం ఇక మా ఊళ్ళో వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ ఆ దారి పట్టమంది. అంటే 2022లోనూ తీర్మానం చేసి ఆపాల్సినంతగా ఆ తంతు నడుస్తోందన్నమాట. మన ఇళ్ళలో గాజుల దగ్గర కాస్త మెత్తబడ్డాం, నిజమే. మూల మాత్రం అలాగే ఉంచాం. దానికి ఇల్లు అని పేరు మార్చాం.

రెండు: “ఇది పారిపోవడం”

చదువుకున్నవాళ్ళ మాట ఇది, దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

దుఃఖం మీంచి చూపు మళ్ళించేదల్లా పారిపోవడమే అయితే పొద్దుట్నుంచి రాత్రిదాకా సీరియళ్ళ ముందు కూర్చోవడం ఏమవుతుంది? పెద్దకర్మ కాగానే కొట్టు తాళం తీయడం ఏమవుతుంది? కూతురి పురుటికని డాలస్ వెళ్ళి ఆర్నెల్లు ఉండిపోవడం? వీటిలో దేన్నీ ఎవరూ పారిపోవడం అనరు. డాలస్ పదమూడు వేల కిలోమీటర్లు దాటినా అది బాధ్యత. లేపాక్షి రాత్రి బస్సు దూరంలో ఉన్నా అది పలాయనం. కాబట్టి తేడా దూరంలో లేదు, మనసు మళ్ళడంలోనూ లేదు. మొదటిది ఇంకొకరి అవసరానికి చేసింది, రెండోది తన కోసం చేసుకున్నది. ఒంటరిగా మిగిలిన మనిషి తన కోసం ఏదైనా చేసుకోవడమే మనకు మింగుడు పడటం లేదు. అలాగని పైకి అనలేక ప్రయాణం మీద పెడుతున్నాం.

ఇంకో లోపం ఉంది. దుఃఖం ఇంట్లో ఉంటుంది, మనిషి గడప దాటితే అది వెనకే ఉండిపోతుందని ఈ వాదం అనుకుంటోంది. అలా అనుకునేవాళ్ళకు ఆ దుఃఖం ఇంకా రాలేదని నాకు అర్థమవుతుంది, రాకూడదనే కోరుకుంటాను. నేను ఒంటరిగా వెళ్ళిన మొదటి ప్రయాణం కొల్లేరు పక్కన ఆటపాకకు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో రైలు టికెట్ నేనెప్పుడూ కొనలేదు. కౌంటరులో అబ్బాయి ఎక్కడికని అడిగాడు, కైకలూరు అన్నాను. ఎంతమందని అడిగాడు. నోట మాట రాలేదు. వెనకవాళ్ళు విసుక్కుంటున్నారు. చివరికి వేలు చూపించాను. అలాంటిది ఇంట్లో కూర్చుంటే నాకు ఎదురయ్యేదా? ఇంట్లో నా దుఃఖానికి నేను అలవాటు పడిపోయి ఉన్నాను, ఏ గదిలో ఎక్కడ తగులుతుందో తెలుసు. బయట అది చెప్పకుండా వచ్చింది. ఎదుర్కోవడమంటే అదే.

ఆటపాకలో అటవీశాఖవాళ్ళు కట్టిన ఇనప మంచెల మీద గూడబాతులు వందల్లో ఉంటాయి. ఆ అరుపుల్లో పక్కమనిషి మాట వినపడదు. పడవలో కూర్చుని అక్కడ ఏడ్చినంతగా నేను ఇంట్లో ఏ రోజూ ఏడవలేదు. ఇంట్లో ఎలా ఏడుస్తాం? నేను ఏడిస్తే అబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, వాడిని చూసి కోడలు. పలకరింపుకు వచ్చినవాళ్ళకు కాఫీలివ్వాలి, వాళ్ళు తెచ్చిన ఏడుపును మళ్ళీ నేనే ఓదార్చాలి. చావు జరిగిన ఇంట్లో అందరికంటే తక్కువ ఏడిచేది పోయినవారి భార్యే అని ఎవరికైనా అనుభవం ఉంటే ఒప్పుకుంటారు.

ఇక ఆ “దశల” మాట. దుఃఖం అయిదు దశలని, ఒక్కోటీ ఇంట్లో కూర్చుని వరసగా దాటాలని, మధ్యలో బయటికి పోతే లెక్క తప్పుతుందని పిల్లలు చెప్తారు. ఆ అయిదు దశలు 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ రాసిన పుస్తకంలోవి. ఆమె మాట్లాడింది చావుకు దగ్గరపడిన రోగులతో. వాళ్ళు తమ చావును ఎలా తీసుకుంటున్నారో చూసి రాసిన సంగతిని, మిగిలిపోయినవాళ్ళ నెత్తిన టైంటేబుల్‌లా తర్వాతి జనం పెట్టారు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది నా బతుక్కి చాలా దగ్గరగా ఉంది: మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు ఉంటుంది, కాసేపు మిగిలిన బతుకు వైపు తిరుగుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ అటూ ఇటూ ఊగడమే కోలుకోవడం. ఒకవైపే కట్టిపడేస్తే ఆ ఊగడం ఆగిపోతుంది.

1969లోనే బ్రిటన్‌లో మరో లెక్క వచ్చింది. కాలిన్ పార్క్స్, ఆయన తోటివాళ్ళు 55 ఏళ్ళ దరిదాపున, ఆపైన వయసులో భార్యను పోగొట్టుకున్న 4,486 మంది మగవాళ్ళను చూశారు. మొదటి ఆర్నెల్లలోనే 213 మంది పోయారు. ఆ వయసువాళ్ళలో మామూలుగా పోయేవాళ్ళ కంటే అది 40 శాతం ఎక్కువ. ఇంట్లో కూర్చున్నందుకే పోయారని ఆ లెక్క చెప్పదు, నేనూ చెప్పను. ఆ ఆర్నెల్లు ప్రాణానికే గండమని మాత్రం చెప్తుంది. మనం “ఇంకా ఆర్నెల్లు కాలేదు” అని వేలు మడిచి లెక్కపెడుతున్న ఆర్నెల్లే అవి. గండంలో ఉన్న మనిషిని కదలొద్దనడానికి మన దగ్గర ఏ ఆధారం ఉంది?

నిజంగా పారిపోయేవాళ్ళు ఉండరా? ఉంటారు. ఇంటికి తిరిగి రాలేనివాళ్ళు, పోయిన మనిషి పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాళ్ళు, ఏడాది దాటినా తిండీ నిద్రా లేకుండా అదే రోజులో ఉండిపోయినవాళ్ళు ఉంటారు. అలా తీరకుండా ఉండిపోయే శోకాన్ని 2022లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం జబ్బుగానే గుర్తించింది. పెద్దవాళ్ళ విషయంలో కనీసం ఏడాది చూడాలంది. ఆ గీత వైద్యుడు గీయాలి. ఎదురింటి వరండాలోంచి గీసేది కాదు.

మూడు: “ఫోటోలు నలుగురికీ చూపించుకోవడానికి”

మా ఇంట్లో ఫోటోలన్నీ ఆయనే తీసేవారు. పెళ్ళయిన కొత్తలో కొన్న యాషికా కెమెరా ఉండేది. తిరుపతి, ఊటీ, పిల్లల పుట్టినరోజులు, అన్నీ ఆయన తీసినవే. అందుకని ఆ ఆల్బముల్లో ఆయన ఉండరు. పోయిన రోజు సాయంత్రం మా మరిది బీరువా అంతా వెతికి, ఆఖరికి ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటో దొరికితే స్టూడియోకు పరిగెత్తాడు. వాళ్ళు ఆయన్నొక్కరినే విడదీసి పెద్దది చేసి ఇచ్చారు. గోడమీద ఉన్నది అదే. ఎడమ భుజం పక్కన నా పట్టుచీర అంచు వేలెడంత మిగిలిపోయింది.

చావు జరిగిన ఇంట్లో పురోహితుడి తర్వాత మనం పరిగెత్తేది ఫోటో కోసమే కదా. దండ వెయ్యడానికి, దీపం పెట్టడానికి, పేపర్లో వెయ్యడానికి ఫోటో కావాలి. కన్నీళ్ళతో ఫోటోకు పొత్తు కుదరదంటున్నది ఈ మనమే. పోయినవాళ్ళ ఫోటో పవిత్రం, ఉన్నవాళ్ళు తీసిన ఫోటో వేషం ఎలా అవుతుంది?

హంగరీలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆంద్రే కెర్తేజ్ గురించి ఈ విమర్శకులకు చెప్పాలనిపిస్తుంది. గత శతాబ్దపు గొప్ప ఫోటోగ్రాఫర్లలో ఒకడు. 1977లో భార్య ఎలిజబెత్ క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనకు 83 ఏళ్ళు. ఎక్కువగా ఇంట్లోనే ఉండిపోయాడు. ఒక దుకాణంలో చిన్న గాజు బొమ్మ కనపడింది, తల, మెడ, భుజాలు అంతే. ఆ భుజం ఒంపులో ఆమె కనిపించిందాయనకు. దాన్ని తెచ్చి కిటికీలో పెట్టి, అప్పటికప్పుడు బొమ్మ బయటికొచ్చే పోలరాయిడ్ కెమెరాతో తీయడం మొదలుపెట్టాడు. పొద్దుటి వెలుగులో ఒకలా, వానలో ఒకలా, వెనక న్యూయార్క్ భవనాలు ఆ గాజులో తలకిందులై ఒకలా. 1981లో వాటిని పుస్తకంగా వేసి ఆమెకే అంకితమిచ్చాడు. ఈ ముసలాయన ఎవరికి చూపించుకున్నాడని అందాం? ఇంటిపట్టునే ఉన్నాడు కాబట్టి క్షమిద్దామా? ఆయనకు కిటికీ సరిపోయింది. నాకు ఆటపాక కావాల్సి వచ్చింది. ఇద్దరం చేసింది ఒకటే పని: పోయిన మనిషిని మనసులో పెట్టుకుని, ఉన్న వెలుగును చూడటం.

ఫోటో తీసే ధ్యాసలో కళ్ళతో చూడరని కూడా అంటారు. ఇందులో కొంత నిజముంది. 2014లో అచ్చయిన లిండా హెంకెల్ ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువులను ఊరికే ఫోటో తీసుకుంటూ పోయినవాళ్ళకు ఊరికే చూసినవాళ్ళ కంటే తక్కువ గుర్తున్నాయి. కానీ అదే ప్రయోగంలో, వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా పట్టి తీసినవాళ్ళకు జ్ఞాపకం చెదరలేదు. నొక్కుకుంటూ పోవడం వేరు, ఒక్కదాని దగ్గర ఆగడం వేరు. గూడబాతు రెక్క విప్పే క్షణం కోసం నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నప్పుడు నా మనసులో ఆసుపత్రి వరండా లేదు, ఆఖరి రాత్రి లేదు, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే అన్న ప్రశ్న లేదు. నలభై నిమిషాలు. ఆ సంవత్సరం నాకు దొరికిన విరామం అంతే. అదీ తప్పేనా?

పొద్దుటి సంగతి కూడా చెప్పాలి. తోడు పోయినవాళ్ళకు రోజులో అన్నిటికంటే కష్టమైన వేళ తెల్లవారుజాము. నాలుగింటికి మెలకువ వస్తుంది, పక్కకు తిరిగితే దిండు. ఆరింటిదాకా ఆ దిండుతో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఫోటోకు మంచి వెలుగు ఉండేది ఆ తర్వాతి గంటలోనే. లేచి, చెప్పులేసుకుని, పుష్కరాల రేవుకు వెళ్ళడానికి నాకో కారణం దొరికింది. 1997లో రైళ్ళు ఆగిపోయిన పాత హేవ్‌లాక్ వంతెన స్తంభాల మధ్య మంచు తొలగుతుంటే చూశాను. ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఊళ్ళో ఉండి చూడనిది.

అందరూ కెమెరా పట్టాలని నేననడం లేదు. మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా భర్త పోయిన కొన్నాళ్ళకే, 1970లో, కెమెరా పక్కన పెట్టేశారు. దాన్ని పతిభక్తిగా చెప్పుకునేవాళ్ళున్నారు. ఆమె చెప్పిన కారణం మాత్రం వేరు: కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల ప్రవర్తన నచ్చలేదని. ఆడమనిషి ఆపేస్తే భర్త కోసం, మొదలుపెడితే భర్తను మర్చిపోయి. ఆమె నోటి మాట మనకు అక్కర్లేదు.

నాలుగు: “డబ్బున్నవాళ్ళ ముచ్చట్లు”

నా దగ్గరున్నది ఫోను, దాని వెనకున్న కెమెరా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఒంటరి ఆడవాళ్ళు ఎక్కి పక్క ఊరి చెరువు చూసి రావడానికి ఇక ఖర్చు అడ్డం కాదు, మన నోళ్ళే అడ్డం. డబ్బు లేనివాళ్ళ మీద నిజంగా అంత జాలి ఉంటే, రైళ్ళలో 58 దాటిన ఆడవాళ్ళకు సగం, 60 దాటిన మగవాళ్ళకు 40 శాతం తగ్గించే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, దాని గురించి అడగండి. ప్రయాణం కొందరికే అందుతోందంటే అందరికీ అందేలా చూడాలి. అందుకున్నవాళ్ళను దింపెయ్యడం ఎక్కడి న్యాయం?

అయిదు: “మర్చిపోయింది”

దీనికి వాదన అక్కర్లేదు. ఆటపాకలో పడవ దిగాక ఫోనులో ఫోటోలు చూసుకుంటూ “ఇది చూడండి” అని పక్కకు తిప్పాను. పక్కన పడవవాడు ఉన్నాడు. పాపం, ఏమీ అనకుండా చూశాడు, బాగుందమ్మా అన్నాడు. మర్చిపోయిన మనిషి ఫోను అలా పక్కకు తిప్పదు.

కాబట్టి నేను ఎవరి అనుమతీ అడగడం లేదు, సంజాయిషీ ఇవ్వడం లేదు. ఆ రోజు విస్తరి దగ్గర ఎవరి గురించి మాట్లాడుకున్నారో ఆవిడకు నేను ఫోను చేశాను. వచ్చే నెల ఇద్దరం తేలినీలాపురం వెళ్తున్నాం, శ్రీకాకుళం వైపు, కొంగలు దిగే కాలం. దీనిమీద అనుకునేవి ఇప్పుడే అనేసుకోండి.

అనుకోవడం అయ్యాక మా ఇంటికి రండి. ఎలా ఉన్నావని అడగొద్దు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఫోటోలు చూపించమని అడగండి. ఆటపాకవి మొత్తం నూట పన్నెండు ఉన్నాయి, అందులో మూడు బాగా వచ్చాయి. ఆ మూడూ ఆయనకు చూపించాల్సినవి. ఆయన లేరు కాబట్టి మీరు చూడండి.